టమాటా లారీకి హైడ్రోజన్ అందేనా?

పొగ ఉండదన్నది నిజమే - కరెంటు ఎక్కడిది, నీళ్లు ఎక్కడివన్నదే ప్రశ్న

నిమ్మనపల్లె: ట్రాక్టరు బ్యాటరీ దిగిపోతే రైతు దాన్ని బండి వెనక కట్టుకుని ఛార్జింగ్ షాపుకు తెస్తాడు. షాపతను ఆరు మూతలూ విప్పి, వైర్లు తగిలించి, స్విచ్ వేస్తాడు. కాసేపటికి లోపలి నీళ్లు సన్నగా బుడగలు కక్కడం మొదలుపెడతాయి. సరిగ్గా అప్పుడే ఎవరైనా బీడీ వెలిగించారంటే, "అవతల పారెయ్యన్నా!" అని షాపతను కేకేస్తాడు.

ఆ కేక వెనుక కారణం ఉంది. బుడగల్లో ఉన్నవి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు. బ్యాటరీలోని నీటిని కరెంటు రెండుగా చీల్చడం వల్ల అవి పుడతాయి. నీరు అలా తరిగిపోతుంది గనుకనే అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోయాలి. హైడ్రోజన్ భగ్గున మండుతుంది గనుకనే దగ్గర్లో నిప్పు ఉండరాదు.

పల్లెల్లో ఇన్నేళ్లుగా గాలిలో కలిసిపోతున్న ఈ వాయువుతోనే కార్లు, బస్సులు, లారీలు నడపాలని నేడు పెద్ద పెద్ద దేశాలు కోట్లు కుమ్మరిస్తున్నాయి. మన దేశమూ వెనుకబడి లేదు. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం రూ.19,744 కోట్లతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు తయారు చేయాలన్నది లక్ష్యం. ఇది ఢిల్లీ సంగతి, మనకెందుకని అనుకోవడానికి లేదు. టమాటా పండించే ప్రతి రైతుకూ దీనితో లంకె ఉంది.

ఢిల్లీ దాకా పొగే

నిమ్మనపల్లె చుట్టుపక్కల తోటల్లో కోసిన టమాటా మదనపల్లె మార్కెట్టుకు చేరుతుంది. ఆసియాలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటిగా పేరున్న ఆ యార్డు నుంచి చెన్నై, బెంగళూరులకే కాక ఉత్తరాదికీ లారీలు బయలుదేరతాయి. ఢిల్లీ వెళ్లాలంటే రెండు వేల కిలోమీటర్లు దాటాలి. కాయ మెత్తబడక ముందే చేరాలి గనుక దారిలో ఎక్కువసేపు ఆగడానికి వీల్లేదు.

లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే లారీ 2,200 కిలోమీటర్లు వెళ్లడానికి 550 లీటర్ల డీజిల్ తాగుతుంది. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అంటే ఒక్క లోడు టమాటా ఢిల్లీ చేరేసరికి దాదాపు టన్నున్నర బొగ్గుపులుసు వాయువు ఆకాశంలో చేరుతుందన్నమాట. భూమి వేడెక్కడానికి ఇదే మూలం. వాన తప్పినా, ఒక్కసారిగా కుమ్మరించినా మొదట నష్టపోయేది మెట్ట రైతే.

కిరాయి సంగతి సరేసరి. డీజిల్ ధర పెరిగితే లారీ బాడుగ పెరుగుతుంది. బాడుగ పెరిగితే వ్యాపారి మార్కెట్లో పాట తగ్గిస్తాడు. చివరికి ఆ బరువంతా రైతు నెత్తినే. కాబట్టి లారీలో డీజిల్‌కు బదులు ఏమి పోస్తారన్నది నిమ్మనపల్లె రైతుకు అక్కరకు రాని విషయం కాదు.

బండిలో ఏం జరుగుతుంది?

హైడ్రోజన్ బండ్లు రెండు రకాలు. మొదటి రకంలో హైడ్రోజన్‌ను డీజిల్, పెట్రోలు మాదిరి ఇంజన్‌లోనే మండిస్తారు. బొగ్గుపులుసు వాయువు దాదాపు రాదు. కానీ మంట వేడికి గాలిలోని నత్రజని కొంత ఆక్సైడుగా మారి గొట్టం నుంచి బయటికొస్తుంది. అందుచేత దీన్ని పూర్తిగా పొగ లేని బండి అనడానికి లేదు.

రెండో రకం ఫ్యూయల్ సెల్ బండి. ఇందులో మంటే ఉండదు. బ్యాటరీ షాపులో జరిగిన పని ఇక్కడ తిరగబడుతుంది. అక్కడ కరెంటు ఇస్తే నీరు చీలి హైడ్రోజన్ వచ్చింది. ఇక్కడ హైడ్రోజన్‌ను గాలిలోని ఆక్సిజన్‌తో కలిపితే కరెంటు, నీరు వస్తాయి. ఆ కరెంటుతో మోటారు తిరుగుతుంది. గొట్టం నుంచి ఆవిరి, నీటి బొట్లు తప్ప మరేమీ రావు.

ఈ సూత్రం కొత్తదేమీ కాదు. బ్రిటన్‌కు చెందిన విలియం గ్రోవ్ 1839లోనే దీన్ని చేసి చూపాడు. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల్లో కరెంటు ఇచ్చింది ఫ్యూయల్ సెల్సే. అందులో పుట్టిన నీటిని వ్యోమగాములు తాగారు కూడా. జపాన్‌లో టయోటా కంపెనీ 2014 డిసెంబరులో మిరాయ్ అనే హైడ్రోజన్ కారును అమ్మకానికి పెట్టింది. కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2022 మార్చిలో అదే రకం కారులో పార్లమెంటుకు వచ్చారు. అంతకు ముందే, 2013లో, ఇస్రో, టాటా మోటార్స్ కలిసి తమిళనాడులోని మహేంద్రగిరిలో ఫ్యూయల్ సెల్ బస్సును నడిపి చూపాయి.

ఇస్రోకు హైడ్రోజన్ అలవాటైన సరుకే. మన పొరుగునే ఉన్న శ్రీహరికోట నుంచి లేచే పెద్ద రాకెట్ల పై అంతస్తులో ద్రవ హైడ్రోజన్ పోస్తారు. దాన్ని సున్నాకు దిగువన 253 డిగ్రీల చలిలో ఉంచాలి. స్వదేశీ క్రయోజెనిక్ ఇంజన్‌తో 2014 జనవరి 5న జీఎస్‌ఎల్‌వీ విజయవంతంగా ఎగిరింది. 2024 జనవరి 1న పంపిన పీఎస్‌ఎల్‌వీతో ఒక చిన్న ఫ్యూయల్ సెల్‌నూ అంతరిక్షంలో పరీక్షించారు.

లేహ్‌లో మన జిల్లావాళ్ల పనితనం

హైడ్రోజన్ బస్సులు తిరుగుతున్న చోటు చూడాలంటే హిమాలయాల్లోని లేహ్ దాకా వెళ్లాలి. సముద్రమట్టానికి 11 వేల అడుగుల పైన ఉన్న ఆ ఊళ్లో ఎన్టీపీసీ ఐదు ఫ్యూయల్ సెల్ బస్సులు ప్రవేశపెట్టింది. వాటికి హైడ్రోజన్ పోసే బంకును కట్టే పని దక్కించుకున్నది ఎవరో కాదు, ఉమ్మడి చిత్తూరు జిల్లాకు చెందిన అమరరాజా సంస్థే. గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన ఈ సంస్థ బ్యాటరీలకు పేరుపొందింది. ట్రాక్టరు బ్యాటరీ తయారు చేసే చేతులే రోజుకు 80 కిలోల హైడ్రోజన్ ఇచ్చే బంకును మంచుకొండల్లో నిలబెట్టాయి. అక్కడ సూర్యరశ్మితో పుట్టిన కరెంటుతోనే నీటిని చీలుస్తారు.

మన రాష్ట్రంలోనూ కదలిక వచ్చింది. 2025 మార్చిలో కేంద్రం దేశమంతటా 37 హైడ్రోజన్ బస్సులు, లారీలను ప్రయోగాత్మకంగా నడపడానికి, 9 బంకులు పెట్టడానికి సుమారు రూ.208 కోట్లు మంజూరు చేసింది. ఆ బండ్లకు ఎంపిక చేసిన పది మార్గాల్లో 16వ నెంబరు జాతీయ రహదారి మీది విశాఖపట్నం - బయ్యవరం మార్గం ఒకటి. అనకాపల్లి జిల్లా పూడిమడక వద్ద రూ.1.85 లక్షల కోట్ల అంచనాతో తలపెట్టిన హరిత హైడ్రోజన్ కేంద్రానికి ప్రధాని నరేంద్ర మోదీ 2025 జనవరి 8న శంకుస్థాపన చేశారు. పూర్తయితే రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తయారు చేయాలన్నది అక్కడి సంకల్పం.

కారుకు బ్యాటరీయే నయం

ఇంత ఆర్భాటం చూసి రేపో మాపో ప్రతి కారులోనూ హైడ్రోజన్ పోస్తారని అనుకుంటే పొరపాటే. లెక్క వేసి చూస్తే చిన్న బండికి అది గిట్టుబాటు కాదు.

కిలో హైడ్రోజన్ తయారు చేయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. కిలోతో కారు సుమారు వంద కిలోమీటర్లు పోతుంది. అదే వంద కిలోమీటర్లు బ్యాటరీ కారు 15 యూనిట్ల కరెంటుతోనే పోతుంది. యూనిట్ ఐదు రూపాయలు అనుకుంటే బ్యాటరీ కారుకు రూ.75 అవుతుంది. హైడ్రోజన్ కారుకు కరెంటు ఖర్చే రూ.250 దాటుతుంది. వాయువును అదిమి సిలిండర్లో కుక్కడానికి, రవాణాకు, బంకు నిర్వహణకు అయ్యే ఖర్చు దీనికి అదనం.

కాలువ నీరు నేరుగా మడిలోకి పారడానికి, అదే నీటిని ట్యాంకరులో నింపి పొలం దాకా తోలి మళ్లీ దింపడానికి ఉన్న తేడా ఇదే. దింపిన ప్రతిచోటా కొంత ఒలికిపోతుంది. హైడ్రోజన్ గనిలో తవ్వి తెచ్చుకునే బొగ్గు లాంటిది కాదు. కరెంటును మోసుకెళ్లే ట్యాంకరు లాంటిది. వంద యూనిట్ల సోలార్ కరెంటు బ్యాటరీ ద్వారా వెళ్తే 70 యూనిట్లకు పైగా చక్రం దాకా చేరుతుంది. హైడ్రోజన్‌గా మార్చి వెళ్తే చక్రానికి అందేది 30 యూనిట్లు, అటూ ఇటూ.

బ్యాటరీ బండి ఈ ప్రాంతానికి కొత్త కాదు. 2022 సెప్టెంబరులో తిరుమల ఘాట్‌లో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ఎక్కాయి. తర్వాత తిరుపతి - మదనపల్లె మార్గంలోనూ వచ్చాయి. ఊళ్లలో బ్యాటరీ స్కూటర్లూ, ఆటోలూ కనిపిస్తున్నాయి. ఇంట్లో ప్లగ్గుకు తగిలిస్తే చాలు గనుక వాటికి ప్రత్యేకంగా బంకు అక్కరలేదు.

అమెరికాలోని కాలిఫోర్నియా అనుభవం దీనికి సాక్ష్యం. హైడ్రోజన్ కార్లు ఎక్కువగా అమ్ముడైన ప్రాంతాల్లో అదొకటి. అక్కడ కూడా షెల్ కంపెనీ 2024 ఫిబ్రవరిలో తన కార్ల హైడ్రోజన్ బంకులు మూసివేసింది. బంకు మూతపడితే ఎంత మంచి కారైనా ఇంటి ముందు బొమ్మే.

లారీ లెక్క వేరు

అయితే బరువు మోసే దూరప్రయాణపు లారీ దగ్గరికి వచ్చేసరికి త్రాసు కాస్త ఇటు మొగ్గుతుంది. పెద్ద లారీ ఒక్క ఛార్జింగ్‌తో నాలుగు వందల కిలోమీటర్లు పోవాలంటే రెండు మూడు టన్నుల బ్యాటరీ మోయాలి. మూడు టన్నులంటే 25 కిలోల టమాటా బాక్సులు 120. బ్యాటరీ కోసం అన్ని బాక్సులు దించేసి వెళ్లమంటే ఏ లారీ యజమాని ఒప్పుకుంటాడు? పైగా అంత బ్యాటరీ నిండేదాకా లారీ ఆగి ఉండాలి. పండిన టమాటా ఆగదు.

హైడ్రోజన్ తేలిక. కిలో హైడ్రోజన్‌లో మూడు లీటర్ల డీజిల్‌ను మించిన శక్తి ఉంది. హ్యుందాయ్ కంపెనీ తయారుచేసిన హైడ్రోజన్ లారీలు 2020 నుంచి స్విట్జర్లాండ్‌లో తిరుగుతున్నాయి. దాదాపు 31 కిలోలు నింపితే సుమారు 400 కిలోమీటర్లు వెళ్తాయి. నింపడానికి పట్టేది 20 నిమిషాల లోపే. 2025 మార్చిలో మన దేశంలో టాటా మోటార్స్ మొదలుపెట్టిన ప్రయోగ లారీలూ 300 నుంచి 500 కిలోమీటర్లు పోగలవు. తిరుమల ఘాట్ బస్సులు తయారు చేసిన హైదరాబాదు కంపెనీ ఒలెక్ట్రా కూడా 2023లో రిలయన్స్‌తో కలిసి హైడ్రోజన్ బస్సును చూపింది.

తేలికే కానీ చోటు ఎక్కువ కావాలి. మామూలు గాలి ఒత్తిడిలో కిలో హైడ్రోజన్ 11 వేల లీటర్ల జాగా ఆక్రమిస్తుంది. అందుకని లారీల్లో 350 రెట్లు, కార్లలో 700 రెట్లు అదిమి నింపుతారు. కారు టైరులో గాలి 30 పౌండ్లయితే ఈ సిలిండర్లో 10 వేల పౌండ్లు. అంత ఒత్తిడిని తట్టుకోవడానికి కార్బన్ నారతో చుట్టిన సిలిండర్లు వాడాలి. వాటి ధరే బండి ధరను పెంచుతోంది.

ఇదిలా ఉండగా బ్యాటరీలూ ఏటేటా తేలికవుతున్నాయి, చౌకవుతున్నాయి. పెద్ద లారీల పోటీలో చివరికి ఏది గెలుస్తుందో ఇప్పుడే తీర్పు చెప్పడం తొందరపాటే అవుతుంది.

పేరులో హరితం - పనిలోనూ ఉండాలి

బండి గొట్టం నుంచి నీళ్లే వచ్చినంత మాత్రాన పొగ పోయినట్టు కాదు. ఊళ్లో ఆగిన పొగ మరో ఊళ్లో లేవచ్చు. నేడు దేశంలో ఎరువుల కర్మాగారాలకు, చమురు శుద్ధి కేంద్రాలకు వాడుతున్న హైడ్రోజన్‌లో దాదాపు అంతా సహజ వాయువు నుంచి తీసినదే. అలా కిలో తీస్తే తొమ్మిది, పది కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అటువంటి హైడ్రోజన్‌తో లారీ నడిపితే ఢిల్లీ దారిలో పొగ తగ్గినా, కర్మాగారం దగ్గర పుట్టనే పుడుతుంది.

సూర్యరశ్మి, గాలి నుంచి వచ్చిన కరెంటుతో నీటిని చీల్చి తీసినదే హరిత హైడ్రోజన్. కిలో తయారీలో వెలువడే బొగ్గుపులుసు వాయువు రెండు కిలోలు మించరాదని కేంద్రం 2023 ఆగస్టులో ప్రమాణం నిర్ణయించింది. ఇందుకు కావలసిన ఎండ రాయలసీమకు కొదవలేదు. కదిరి వైపు నంబులపూలకుంటలో 2016లోనే ఎన్టీపీసీ 250 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాన్ని నడపడం మొదలుపెట్టింది.

అడ్డంకల్లా ధర. 2025 జులైలో అమరావతిలో ప్రకటించిన హరిత హైడ్రోజన్ డిక్లరేషన్, కిలో తయారీ ఖర్చును రూ.460 నుంచి 2029 నాటికి రూ.160కి దించాలని లక్ష్యం పెట్టుకుంది. అది నెరవేరితేనే లారీ యజమాని అటు చూస్తాడు.

నీళ్లెక్కడివి?

మెట్ట ప్రాంతపు రైతు వెంటనే అడిగే ప్రశ్న ఇది. కిలో హైడ్రోజన్‌కు కనీసం 9 లీటర్ల నీరు చీల్చాలి. అదీ ఉప్పూ మలినమూ లేని శుద్ధమైన నీరు. శుద్ధి చేయడంలో పోయేది, యంత్రాలను చల్లబరచడానికి వాడేది కలిపితే అవసరం ఇంకా పెరుగుతుంది. లారీకి ఒకసారి 31 కిలోలు నింపితే 279 లీటర్లు. ఇది పెద్ద లెక్క కాదు. ఒక ఎకరా టమాటాకు పారించే నీటితో పోలిస్తే ఏ మూలకూ రాదు.

కానీ ఫ్యాక్టరీ లెక్క అలా ఉండదు. రోజుకు 1,500 టన్నులు తీసే కేంద్రానికి చీల్చడానికే కోటీ 35 లక్షల లీటర్లు కావాలి. పూడిమడక సముద్రం ఒడ్డున ఉంది. అక్కడ ఉప్పునీటిని శుద్ధి చేసుకునే వీలుంది. వెయ్యి అడుగులు దాటినా బోరులో తడి తగలని పల్లెల్లో, బాహుదా జలాశయం నిండిందా లేదా అని ఏటా ఎదురుచూసే మండలంలో ఆ వీలు లేదు. ఎండ ఇక్కడ, నీరు అక్కడ. కాబట్టి కరెంటును తీగల మీద నీరున్న చోటికి పంపి హైడ్రోజన్ అక్కడే తీయడం మేలు. కరువు ప్రాంతపు భూగర్భ జలాన్ని మాత్రం దీనికి ముట్టుకోరాదు.

ప్రమాదం మాటేమిటి?

గ్యాస్ బండ పేలిన వార్తలు చదివినవారికి భయం సహజం. వంటగ్యాస్ గాలికన్నా బరువు. లీకయితే నేలబారున పరుచుకుని గది మూలల్లో నిలుస్తుంది. హైడ్రోజన్ అన్నిటికన్నా తేలిక. ఆరుబయట లీకయితే నిమిషాల్లో పైకి లేచి చెదిరిపోతుంది. అయితే పైకప్పు ఉన్న షెడ్డులో చిక్కుకుంటే ముప్పే. గాలిలో నూటికి నాలుగు పాళ్లు కలిసినా అంటుకుంటుంది. రంగూ వాసనా లేవు. పగటి వెలుగులో దాని మంట కంటికి సరిగా ఆనదు కూడా. అందుకే బండ్లలో, బంకుల్లో లీకును పసిగట్టే పరికరాలు తప్పనిసరి. మెకానిక్కులకు ప్రత్యేక శిక్షణ కావాలి. ఊరి షెడ్డులో సుత్తి, పానాతో చేసే రిపేరు ఇది కాదు.

బంకు ముందా, బండి ముందా?

బంకులు లేవని బండ్లు కొనరు. బండ్లు లేవని బంకులు పెట్టరు. హైడ్రోజన్‌కు అన్ని దేశాల్లోనూ ఇదే చిక్కు. దీన్ని విప్పడానికి నిపుణులు చూపుతున్న దారి ఒక్కటే. కార్ల కోసం ఊరూరా బంకులు పెట్టకుండా, లారీలు ఎక్కువగా తిరిగే కొన్ని ప్రధాన రహదారుల మీద మాత్రమే ముందుగా పెట్టాలి. విశాఖ - బయ్యవరం ప్రయోగం ఆ దారిలో తొలి అడుగు. మదనపల్లె నుంచి ఢిల్లీకి వెళ్లే దారిలో నాలుగైదు వందల కిలోమీటర్లకు ఒక బంకు వెలిసిన రోజున టమాటా లారీ సంగతి ఆలోచించవచ్చు. ఆ రోజు దగ్గర్లో లేదు.

అంతవరకు ఊరి స్కూటరుకు, ఆటోకు, మదనపల్లె బస్సుకు బ్యాటరీ చాలు. హైడ్రోజన్‌ను దాని చోటుకే, అంటే దూరం పోయే బరువు బండికే ఉంచడం తెలివైన పని. ఎవరైనా వచ్చి హైడ్రోజన్ గొప్పలు చెబితే రైతు అడగవలసినవి మూడే ప్రశ్నలు. కరెంటు ఎక్కడిది? నీళ్లు ఎక్కడివి? బండి పోయే దూరమెంత? ఈ మూడింటికీ సరైన జవాబు దొరికితే సంతోషించవచ్చు. లేకుంటే అది బ్యాటరీ షాపులో తేలి గాలిలో కలిసే బుడగతో సమానం.